ఇల్లు కట్టువాని ఋణము

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మనవా రందురు. కట్టుటలోని కష్టము నెఱిగిన పెద్దలు ఇల్లు విప్పుటనుగూర్చి సామెత చెప్పలేదు. బహుశః వారి కాలమున దాని యవసరము కలుగలేదు. మండువా లోగిలి విప్పినచో స్తంభములు, దూలములు, ద్వారబంధములు, పెంకులు వేర్వేరుగా చేతికి వచ్చెడివి. మట్టిగోడ మట్టిలో కలిసెడిది. నేడు మన పట్టణములలో నలువది యేండ్లు నిండని మేడలను సైతము యంత్రములతో కూల్చి, ఆ శకలములను చెరువులలో పోయుట చూచుచున్నాము. తాను కట్టిన యింటి సామగ్రి విషయమున గృహస్థునకు తన తరువాతివారియెడ ధర్మ మేమైన కలదా?

సొమ్ము నాది, స్థలము నాది, కూల్చుటకు నాకు హక్కు లేదా యని కొంద రడుగుదురు. సొమ్ముతో తీరని వ్యయ మొకటి కలదు. సున్నపురాతిని కాల్చి సిమెంటునకు మూలమగు క్లింకరును చేయునప్పుడు, ఒక టన్నునకు ఇంచుమించు అర టన్ను బొగ్గుపులుసు వాయువు ఆ రాతినుండియే వెలువడును. కొలిమిలో మండిన బొగ్గు లెక్క వేరు. మానవులు లోకమున విడుచు ఈ వాయువులో నూటికి 7, 8 పాళ్లు సిమెంటు పరిశ్రమవే. ఇల్లు లేచునాటికే ఆ వ్యయము జరిగిపోయినది. కూల్చినంతమాత్రమున అది తిరిగి రాదు. ఇటుక మరియొక గోడ కెక్కినప్పుడే రెండు ఇండ్లకు పంచబడును.

ఇటుక అట్లు రెండవ గోడ కెక్కునో లేదో మొదటి గోడ కట్టునాడే నిర్ణయమగుచున్నది. సున్నముతో కట్టిన గోడలో అతుకు ఇటుకకంటె మెత్తన. తట్టిన నిటుక నిండుగా ఊడివచ్చును. గట్టి సిమెంటుతో కట్టినచో అతుకు వదలక ఇటుకయే పగులును. (సున్నపుబట్టీయు ఆ వాయువును విడుచును, కాని సున్నము గట్టిపడునప్పుడు గాలినుండి దానిని చాలవరకు మరల గ్రహించును.) ఉక్కు దూలములను వెల్డింగు చేయక బోల్టులతో బిగించుటయు, నీటి గొట్టములను గోడలలో పూడ్చక వెలుపల నడపుటయు ఈ కోవకు చెందినవే. బలమొక్కటే గుణమని మన మేస్త్రీలును మనమును నమ్మియున్నాము.

పాత యింటి కలప క్రొత్త యింటికి కూడదని వాస్తు చెప్పువారు కలరు. ఆ కలపవెంట పాత యింటి దోషము వచ్చునట! మంచి టేకు దూలమును పొయ్యిపాలు చేయుటకంటె దోష మేమున్నదో మాకు తెలియదు. భక్తికి ఇట్టి భయ మవసరము కాదనుటకు జపానులోని ఇసే దేవాలయమును చూడవచ్చును. అచ్చట 20 ఏండ్ల కొకసారి ఆలయమును క్రొత్తగా కట్టుదురు. 2013లో జరిగినది 62వ పర్యాయము. పాత యాలయపు కప్పును మోసిన నిట్రాటలను ఊజీ వంతెన చెంత తోరణద్వారములుగా నిలుపుదురు. మరి 20 ఏండ్లకు అవి కువానా, సెకీ అను చోట్లకు పోయి అచ్చట తోరణములగును. తక్కిన కలపయు ఇతర దేవాలయములకు చేరును.

అయినను విడదీయ వీలగునట్లు కట్టినంతమాత్రమున పని తీరదు. ఆ దేశముననే టోకియో నగరమున కురొకావా అను వాస్తుశిల్పి నకగిన్ గోపురమును నిర్మించెను. అది 1972లో పూర్తియయ్యెను. రెండు కంబములకు 140 గదులను బోల్టులతో బిగించి, 25 ఏండ్ల కొకసారి వానిని మార్చుకొనవచ్చునని ఆయన తలంచెను. ఒక్క గదియు మార్చబడలేదు. క్రింది గదిని తీయవలెనన్న పై గదులను కదల్పవలసి వచ్చెడిది, యజమానులు పలువురు, ఏకాభిప్రాయము కుదరలేదు. 2022లో గోపురమును విప్పివేసిరి. 23 గదులు మాత్రము రక్షింపబడినవి. మార్పునకై ముందుగా వెచ్చించిన ఉక్కు అప్పువంటిది. మార్పు జరుగకున్న ఆ అప్పు భూమికే మిగులును. కావున బోల్టులతోపాటు, ఎవరు, ఎప్పుడు, ఎవరి సొమ్ముతో విప్పవలెనో ఒడంబడికయు ఉండవలెను.

మన యిండ్లలో ఎవరును తలపని సంగతి యింకొకటి కలదు. పాత ఇటుకకు అంటిన సున్నమును గీకువా రెవరు? కూల్చిన చోటనే ఎండలో కూర్చుండి ఇటుక తరువాత ఇటుకను తట్టు కూలివారు. వారిలో స్త్రీలు అనేకులు. ఆ ధూళిలోని సన్నని సిలికా పొడి ఊపిరితిత్తులను చెఱచునని వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది. పాత ఇటుక చవుకయని సంతోషించు గృహస్థుడు ఆ చవుక ఎవరి రొమ్మునుండి వచ్చినదో అడుగవలదా? దుమ్ము నణచుటకు నీరు, ముఖమునకు సరియైన ముసుగు, నీడ, న్యాయమైన కూలి, ఇవన్నియు చేర్చిన పిమ్మట పాత ఇటుక క్రొత్తదానికంటె ప్రియమే కావచ్చును. అప్పుడును దానినే కొనుమని మేము చెప్పుదుము. ఆ యెక్కువ ధరను మేస్త్రీ పద్దులో మొదటి దినముననే వ్రాయించుట మంచిది.