ఓర్పు అంటే నోరు మూసుకోవడమా?



"ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు." మన సంఘాల్లో ఈ మాట ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. జబ్బుతో మంచం పట్టిన పెద్దాయనకి ఇదే మాట. ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్న కుర్రాడికీ ఇదే మాట. తాగొచ్చి కొట్టే భర్తతో కాపురం చేస్తున్న చెల్లికీ ఇదే మాట. మొదటి ఇద్దరి బాధ వేరు, ఆ చెల్లి బాధ వేరు. అయినా ముగ్గురికీ ఒకే మందు ఇచ్చి పంపించేస్తున్నాం.

అందుకే ఈరోజు ఈ ప్రశ్నను వాక్యం ముందు పెట్టి ధ్యానిద్దాం. బైబిల్ చెప్పే ఓర్పు అంటే జరిగేదంతా నోరెత్తకుండా భరించడమేనా? అన్యాయమని తెలిసినా దాన్ని అన్యాయం అనకపోవడమేనా?

యాకోబు ముందు ఎవరితో మాట్లాడాడు?

ఓర్పు గురించి వాక్యం చెప్పేటప్పుడు చాలామంది యాకోబు 5:7 తీస్తారు. ప్రభువు రాకడ వరకు ఓపికగా ఉండమని అపొస్తలుడు చెప్పే మాట అది. మంచిదే. కానీ ఒక్క నిమిషం ఆగి, దానికి పైనున్న ఆరు వచనాలు కూడా చదవండి.

అక్కడ యాకోబు ధనవంతులను నిలదీస్తున్నాడు. పొలం కోసిన పనివాళ్ళకి మీరు కూలి ఎగ్గొట్టారు, ఆ కూలి డబ్బే మీమీద అరుస్తోంది, ఆ పనివాళ్ళ కేకలు దేవుని చెవిన పడ్డాయి అని గట్టిగా చెబుతున్నాడు. అది చెప్పాకే, "కాబట్టి" అని మొదలుపెట్టి ఓపిక సంగతి ఎత్తుతున్నాడు.

ఈ వరుస గమనించారా? ముందు అన్యాయం చేసినవాడికి హెచ్చరిక. తర్వాత అన్యాయానికి గురైనవాళ్ళకి ఆదరణ. మరి మనం ఏం చేస్తున్నాం? కొట్టేవాడి ఇంటికి వెళ్ళి మారుమనస్సు గురించి మాట్లాడే ధైర్యం మనకు ఉండదు. దెబ్బలు తిన్న ఆమె ప్రార్థనకు వస్తే మాత్రం ఓర్పు గురించి అరగంట చెబుతాం. యాకోబు పెట్టిన వరుసని తలకిందులు చేశాం.

ఇంకో సంగతి చూడండి. ఆ కూలీలు కేకలు వేశారని యాకోబు వాళ్ళని తప్పుపట్టలేదు. తొమ్మిదో వచనంలో ఒకరిమీద ఒకరు సణుక్కోవద్దని మాత్రం అన్నాడు. సణుగుడు పక్కవాడి మీదికి పోతుంది. మొర దేవుని దగ్గరికి పోతుంది. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల, బాధలో ఉన్నవాళ్ళు ఏడ్చినా అది అవిశ్వాసమే అని మనం భయపెడుతున్నాం.

రైతు ఓపిక చూడండి

ఆ ఏడో వచనంలోనే యాకోబు రైతును చూపిస్తాడు. రైతు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం ఎదురుచూస్తాడని. మనకు తొలకరి అంటే జూన్ నెల, మృగశిర కార్తె. యాకోబు ఉన్న దేశంలో తొలకరి అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. అప్పుడు దుక్కి దున్ని విత్తుతారు. కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలల్లో, గింజ నిండే వేళకి పడాలి. అంటే మధ్యలో కొన్ని నెలల ఎదురుచూపు.

ఆ నెలల్లో రైతు చేతులు కట్టుకుని గట్టుమీద కూర్చుంటాడా? కలుపు తీస్తాడు. కంచె చూసుకుంటాడు. పశువులు చేలో పడితే తోలుతాడు. "పశువులు మేస్తున్నాయి, నేను ఓపిక పడుతున్నాను" అనే రైతును మీరెక్కడైనా చూశారా? వాన అతని చేతిలో లేదు. నాగలి అతని చేతిలో ఉంది. చేతిలో లేనిదాని కోసం దేవునివైపు చూస్తాడు, చేతిలో ఉన్న పని మానడు. యాకోబు చెప్పిన ఓపిక ఇదే.

మన తెలుగు నేలమీద దీనికి ఒక సాక్ష్యం ఉంది. 1876 నుంచి 1878 వరకు ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఆకలితో అలమటించే జనానికి పని దొరకాలని ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. జనం తవ్వారు, కూలి తీసుకున్నారు, ప్రాణాలు నిలబెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు తీరేవరకు ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్య గురించి మన సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న ఓర్పును కూడా చెప్పుకోవాలి. ఆత్మల విషయంలో ఆయన ఆగాడు. ఆకలి విషయంలో ఆగలేదు. కరువులో ఉన్నవాళ్ళకి ఓర్చుకోమని వాక్యం చెప్పి పంపించలేదు, పలుగూ పారా చేతికిచ్చి చేసిన పనికి కూలి ఇప్పించాడు. దేనికి ఆగాలో, దేనికి ఆగకూడదో తెలియడం కూడా ఓర్పులో భాగమే.

యోబు ఏమైనా మౌనంగా ఉన్నాడా?

కొత్త నిబంధన గ్రీకులో ఓర్పుకు రెండు మాటలు వాడతారు. ఒకటి మక్రోతుమియా, అంటే కోపం త్వరగా రానివ్వని దీర్ఘశాంతం. రెండోది హుపొమొనే, అంటే బరువు కింద కూడా నిలిచి ఉండటం, పారిపోకుండా పట్టుకుని ఉండటం. యాకోబు 5:11 లో యోబు సహనం గురించి చెప్పేటప్పుడు వాడినది ఈ రెండో మాట.

మరి యోబు ఎలా నిలిచి ఉన్నాడు? మూడో అధ్యాయంలో తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. తర్వాత అధ్యాయాల కొద్దీ దేవునితో వాదించాడు, నా తప్పేమిటో చెప్పమని అడిగాడు. స్నేహితులేమో, దేవుడు న్యాయవంతుడు కాబట్టి నువ్వే ఏదో పాపం చేసి ఉంటావని చక్కని భక్తి మాటలు చెప్పారు. ఆఖరికి దేవుడు ఎవరి పక్షాన మాట్లాడాడు? యోబు 42:7 చదవండి. ఆయన గురించి సరిగ్గా మాట్లాడింది స్నేహితులు కాదు, యోబే అన్నాడు.

యోబు అరిచాడు, కానీ దేవునివైపు తిరిగి అరిచాడు. ఆయన్ని వదిలి పోలేదు. దావీదు కూడా 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే "ఎంతకాలం" అని నాలుగుసార్లు అడిగాడు. ఏళ్ళ తరబడి రోగంతో ఉన్నవారలారా, పిల్లల కోసం కన్నీళ్ళతో కనిపెడుతున్నవారలారా, "ఎంతకాలం ప్రభువా" అని అడిగినందుకు మీ విశ్వాసం పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. అడుగుతున్నారంటే ఆయన వింటాడని ఇంకా నమ్ముతున్నారన్నమాట.

మరి ప్రభువు మౌనంగా సిలువ మోయలేదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రభువు సిలువ మోశాడు. దూషించినవాళ్ళని తిరిగి దూషించలేదు. మనం కూడా పగ తీర్చుకోకూడదు, ఇందులో సందేహం లేదు. కానీ సువార్తలు పూర్తిగా చదవండి. ప్రధానయాజకుని ముందు బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు, నన్నెందుకు కొట్టావని ప్రభువు అడిగాడు (యోహాను 18:23). నజరేతువాళ్ళు కొండమీద నుంచి తోసేయాలని చూస్తే తప్పించుకుని వెళ్ళిపోయాడు (లూకా 4:30). పసిబిడ్డగా ఉన్నప్పుడు హేరోదు కత్తికి దొరక్కుండా ఆయన్ని ఐగుప్తుకు తీసుకువెళ్ళమని చెప్పింది దేవుని దూతే. దమస్కులో పౌలు ప్రాణం కాపాడటానికి విశ్వాసులు ఆయన్ని గంపలో పెట్టి గోడమీద నుంచి దించారు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించిన అధికారులనే వచ్చి బయటికి తీసుకెళ్ళమని పౌలు పట్టుబట్టాడు.

వీళ్ళెవరికీ ఓర్పు లేదని అనగలమా?

ప్రభువు తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోలేదని, తానే ఇస్తున్నానని చెప్పాడు (యోహాను 10:18). సిలువ ఆయన ఇష్టపూర్వకంగా, మన రక్షణ కోసం ఎత్తుకున్నది. ఒక మనిషి కోపానికీ తాగుడుకీ ఇంకో మనిషి వీపు అప్పగించి, దానికి సిలువ అని పేరు పెట్టే హక్కు మనకెవరిచ్చారు?

"ఓర్చినమ్మకు తేట నీరు" అని మన పెద్దలు అన్నారు. మంచి మాట. బురద నీళ్ళు కాసేపు కదపకుండా ఉంచితే తేరుకుంటాయి. కానీ ఒకడు రోజూ కర్ర పెట్టి కెలుకుతూ ఉంటే, ఎన్నేళ్ళు ఓర్చినా ఆ అమ్మకు తేట నీరు దక్కదు. ముందు ఆ కర్ర లాక్కునేవాళ్ళు కావాలి. సంఘం ఆ పని చేయాలి.

మనం ఏం చేద్దాం?

ఇకమీదట ఎవరికైనా "ఓర్చుకో" అని చెప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ బాధ ఎవరి చేతిలో ఉంది? అది ఏ మనిషి చేతిలోనూ లేని రోగమో, ఆలస్యమో అయితే, పక్కన కూర్చుందాం. యోబు స్నేహితులు మాట్లాడకుండా కూర్చున్న ఆ ఏడు రోజులే వాళ్ళు చేసిన మేలు. అదే బాధ ఒక మనిషి చేతి దెబ్బల వల్ల వస్తుంటే, ముందు ఆ చెయ్యిని ఆపుదాం.

ఈ పోస్టు చదువుతున్న చెల్లీ, అక్కా, నీ ఇంట్లో నీమీద చెయ్యి లేస్తుంటే, సాయం అడగడం ఓర్పు లేకపోవడం కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. ప్రాణాపాయం ఉంటే 112 ఉంది. గృహహింస నుంచి మహిళల రక్షణ కోసం 2005లో చేసిన చట్టం ఉంది, దాని కింద మేజిస్ట్రేటు నీకు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలడు. నమ్మదగిన ఒక్కరికైనా ఈరోజే చెప్పు. పౌలు కోసం గంప పట్టుకున్న చేతులు దేవుని చేతులే అయితే, నీకు సాయపడే చేతులు కూడా ఆయనవే. అక్కడి నుంచి క్షేమంగా బయటపడ్డాక కూడా నీకు ఓర్పు కావాలి. గాయం మానడానికి కాలం పడుతుంది. క్షమించడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఆ దారిలో ప్రభువు నీతో నడుస్తాడు.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, కూలీల కేకలు విన్న దేవా, మా మొర కూడా విను. మా చేతిలో లేనిదాని కోసం నీవైపు చూసే ఓపిక ఇవ్వు. మా చేతిలో ఉన్న పని మానని ధైర్యం ఇవ్వు. బలహీనులకు ఓర్పు నేర్పి బలవంతుల ముందు మౌనంగా ఉన్న మా సంఘాలను సరిచేయి. ఈ రాత్రి భయంతో నిద్రపోయే ప్రతి బిడ్డకు నీ రెక్కల నీడ ఇవ్వు, మాలో ఎవరినైనా వాళ్ళ తలుపు దగ్గరికి పంపు. మా ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.