కళ్లంలో ఎద్దు

చిన్నప్పుడు మా ఊళ్లో వరి నూర్పులు ఎడ్లతోనే జరిగేవి. కళ్లం నిండా పనలు పరిచి, నాలుగైదు ఎడ్లను వరసగా బంతి కట్టి తిప్పేవాళ్లు. తిరుగుతూ తిరుగుతూనే ఎద్దు తల వంచి ఒక వెన్ను అందుకునేది. కొందరు దాని మూతికి చిక్కం కట్టేవాళ్లు. మా తాతయ్య కట్టనిచ్చేవాడు కాదు. "తొక్కేది అదే కదరా, తిననీ" అనేవాడు. ఆయనకు చదువు రాదు. నూర్చే ఎద్దుకు చిక్కం పెట్టకూడదని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో ఆజ్ఞ ఉందని నాకు తెలిసేసరికి ఆయన లేడు.

మోషే ధర్మశాస్త్రం క్రైస్తవుడికి వర్తిస్తుందా అని ఎవరు అడిగినా నాకు ముందు ఆ ఎద్దే కళ్లముందుకొస్తుంది. యూదు సంప్రదాయం తోరాలో లెక్కగట్టిన 613 ఆజ్ఞల్లో అదీ ఒకటి. అన్యజనుల మెడకు ఈ కాడి తగిలించవద్దని గలతీయులకు అంత ఆవేశంగా రాసిన పౌలు, కొరింథీయులకు రాసేటప్పుడు అదే ధర్మశాస్త్రం తెరిచి ఈ ఎద్దునే చూపిస్తాడు. దేవుడు ఎడ్ల కోసమే ఈ మాట చెప్పాడా, మన కోసం కాదా అని అడిగి, శ్రమించినవాడికి పంటలో పాలు ఉండాలంటాడు. కాడిగా వద్దన్నదాన్నే వెలుగుగా పట్టుకున్నాడన్నమాట.

క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూడి తేల్చుకోవలసి వచ్చింది ఈ సంగతే. యూదయ నుంచి అంతియొకయకు వచ్చిన కొందరు, సున్నతి లేనిదే రక్షణ లేదని అక్కడి అన్యజన విశ్వాసులకు బోధించారు. మన పితరులూ మనమూ మోయలేకపోయిన కాడిని వీళ్ల మెడ మీద ఎందుకు పెడతారని పేతురు సభలో నిలదీశాడు. చివరికి యాకోబు చెప్పిన తీర్పు ప్రకారం ఉత్తరం వెళ్లింది. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, ఈ నాలుగింటికి దూరంగా ఉంటే చాలు. ఆ సభ అడిగింది బయటినుంచి వచ్చినవాళ్ల సంగతి. యూదులు తమ ధర్మశాస్త్రాన్ని వదులుకోవాలా అన్న ప్రశ్న అక్కడ రానేలేదు.

తెలుగు క్రైస్తవుడికి ఆ ఉత్తరం పాత కథ కాదు. పక్కింటివాళ్లు వ్రతం చేసుకుని ప్రసాదం గిన్నెలో పెట్టి తెచ్చిన రోజున, మేకను కోసి నల్ల వేయించిన రోజున అది నేరుగా వంటింట్లోకే వస్తుంది. అంగట్లో అమ్మే మాంసం ఆరా తీయకుండా తినమని, ఇది బలి ఇచ్చినదని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమని పౌలు కొరింథువాళ్లకు రాశాడు. చూపు పళ్లెం మీంచి ఎదుటి మనిషి మీదికి మళ్లింది. ఆజ్ఞకు అంతరార్థమంటే నాకు తెలిసినంతలో ఇదే.

మన బైబిలులో తోరాకు 'ధర్మశాస్త్రము' అన్న మాట పెట్టారు. వినగానే తెలుగు చెవికి మనువు, శిక్షలు, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే గీతలు గుర్తొస్తాయి. హెబ్రీలో తోరా అంటే ఉపదేశం, దారి చూపడం. గ్రీకులో అది 'నోమోస్' అయ్యాక చట్టం రంగు చిక్కబడింది. చట్టమని అనుకుంటే వర్తిస్తుందా లేదా అనే అడుగుతాం. దారి చూపుతోందనుకుంటే ఎటు చూపుతోందో కనుక్కుంటాం. సింహత్ తోరా పండుగనాడు యూదులు ఆ గ్రంథపు చుట్టలను చేతుల్లోకి ఎత్తుకుని నాట్యం చేస్తారు. వాళ్లు అంత ముద్దుగా ఎత్తుకునేదాన్ని మనం ప్రసంగాల్లో ఒట్టి బరువని తీసిపారేయడం తప్పు.

పౌలు ధర్మశాస్త్రాన్ని బాలశిక్షకుడన్నాడు. పెద్ద బాలశిక్ష చదివిన మనకు బడిలో అయ్యవారు గుర్తొస్తాడు. గ్రీకు మాట 'పైదగోగోస్'. ఆ రోజుల్లో అతను చదువు చెప్పే గురువు కాడు. యజమాని కొడుకును బడికి తీసుకెళ్లి, దారిలో చెడు సావాసం పట్టకుండా కాచి, మళ్లీ ఇంటికి చేర్చే బానిస. పిల్లవాడు ఎదిగాక అతను వెంట రాడు. దారి మాత్రం అప్పటికి కాళ్లకు అలవాటైపోయి ఉంటుంది.

ధర్మశాస్త్రాన్ని నైతికం, ఆచారపరం, న్యాయపరం అని మూడుగా విడదీసి, మొదటిదే నిలిచి ఉందని చెప్పే పద్ధతి ఉంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దాన్ని విస్తారంగా రాశాడు. పనికొచ్చేదే, కానీ లేవీయకాండం 19వ అధ్యాయం దానికి లొంగదు. పొరుగువాణ్ణి ప్రేమించమన్నది 18వ వచనం. ఆ పక్క వచనమే రెండు రకాల దారాలు కలిపి నేసిన బట్ట వద్దంటుంది. అదే అధ్యాయంలో పొలం ఓరలు పూర్తిగా కోయవద్దని, పరిగె పేదలకూ పరదేశులకూ వదలమని ఉంది. పరిగెను ఏ అరలో పెడతాం?

పౌలు కాలంలోనే అలెగ్జాండ్రియాలో ఉన్న యూదు తత్వవేత్త ఫైలో ఆజ్ఞల అంతరార్థాలు వెదికినవాళ్లలో మేటి. సున్నతి అంటే విషయవాంఛలను కోసుకోవడమని చెప్పినవాడు. అయినా లోపలి అర్థం తెలిసింది కదా అని ఆజ్ఞనే వదిలేసేవాళ్లను ఆయన మందలించాడు. అర్థం ప్రాణమైతే అక్షరం దేహం, ప్రాణం ఉండే ఇల్లు గనుక దేహాన్నీ చూసుకోవాలన్నాడు. సున్నతి విషయంలో నేను పౌలు వెంటే. కానీ ఫైలో మాట నన్ను వదలదు. పౌలు ఎద్దులో మనిషిని చూశాడు. మా తాతయ్య ఎద్దులో ఎద్దునే చూశాడు. దాని ఆకలి మీద జాలే లేకపోతే, ఆ పైన కట్టిన అంతరార్థం దేనిమీద నిలుస్తుంది?

పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదోవంతు లెక్కగా ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టారని యేసు పరిసయ్యులను గద్దించాడు. మన సంఘాల్లో మలాకీ 3వ అధ్యాయం తీసి దశమభాగం గురించి గట్టిగా చెబుతాం. మూడో ఏటి దశమభాగం ఊళ్లోని లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు కడుపునిండా తినడానికని ద్వితీయోపదేశకాండం 14లో ఉంది. అది ఎంతమంది చదువుతున్నాం? కూలివాడి కూలి తెల్లవారేదాకా అట్టేపెట్టుకోవద్దన్న మాటనైతే కృప కొట్టేసినట్టే నడుచుకుంటాం. ఇది తలచుకుంటే నాకు బాధేస్తుంది.

విశ్రాంతిదినం శనివారమా ఆదివారమా అన్న వాదనలు చాలా విన్నాను. ఒక ఆదివారం, మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నామన్న ప్రసంగం విని, మనసు నిండి ఇంటికొచ్చాను. పెరట్లో కుళాయి దగ్గర మా ఇంట్లో పనిచేసే ఆమె అంట్లు తోముతోంది. చర్చి బట్టల్లోనే కూర్చుని విశ్రాంతిదినపు ఆజ్ఞ రెండుచోట్లా తీశాను. నిర్గమకాండం 20లో దానికి కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండం 5లో కారణం ఐగుప్తు, నువ్వూ అక్కడ దాసుడివేనన్న జ్ఞాపకం. నిర్గమకాండం పశువులని ఊరుకుంటే ఇక్కడ ఎద్దును పేరుపెట్టి చెప్పారు. అక్కడ లేని ఇంకో చిన్నమాట కూడా ఇక్కడ ఉంది. దాసుడూ దాసీ విశ్రమించాలి, 'నీవలె'.

లేచి పెరట్లోకి వెళ్లాను. "ఇక ఆదివారాలు రావద్దమ్మా" అన్నాను.

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి, నా మొహంకేసి చూసింది. "ఏం తప్పు చేశానయ్యా?" అంది.