జేతవనం కొన్న సుదత్తుడు





ఈ పున్నమికి భూమి గురించి మాట్లాడుకుందాం. మన సి.బెళగల్ నుంచి అటు కర్నూలుకు పోయినా, ఇటు ఎమ్మిగనూరు, ఆదోనికి పోయినా రోడ్డు పక్కన హద్దురాళ్లు పాతిన చేలు కనబడతాయి. నిన్న పత్తి పండిన నేలకు ఈరోజు 'వెంచర్' అని పేరు. సుగ్గికి పోయిన మనవాళ్లు బెంగళూరులో, హైదరాబాదులో అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్నారు. వాటిలో మనకు మాత్రం ఒక గది లేదు. అందుకే మనోళ్లు అడుగుతుంటారు: "భూములు కొనేటోనికి, మిద్దెలు కట్టేటోనికి ధమ్మంతో ఏం పనన్నా? బుద్ధుడు అట్లాంటోళ్లను దగ్గరికి రానిచ్చినాడా?"

రానిచ్చినాడు. ఆయన పేరు సుదత్తుడు. శ్రావస్తి నగరంలో పెద్ద వ్యాపారి. దిక్కులేని వాళ్లకు అన్నం పెట్టేవాడు కాబట్టి జనం ఆయన్ను అనాథపిండికుడు అన్నారు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈయన ధమ్మంలోకి వచ్చిన కథను ప్రత్యేకంగా చెప్పినాడు.

సుదత్తుడు వ్యాపారం పని మీద రాజగృహానికి పోయి బావమరిది ఇంట్లో దిగినాడు. ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ను పట్టించుకోలేదు. అందరూ వంటల పనిలో ఉన్నారు. "పెళ్లా? రాజుగారొస్తున్నారా?" అని అడిగితే, "రేపు బుద్ధుడు సంఘంతో కలిసి భోజనానికొస్తున్నాడు" అన్నారు. ఆ మాట విన్నాక ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి సీతవనానికి నడిచినాడు. బుద్ధుడు ఆయన్ను "సుదత్తా, రా" అని పేరు పెట్టి పిలిచినాడు. షావుకారు అనలేదు, శ్రేష్ఠి అనలేదు. ధమ్మం విని సుదత్తుడు ఉపాసకుడైనాడు. శ్రావస్తికి రమ్మని బుద్ధుణ్ణి పిలిచినాడు.

ఇప్పుడు స్థలం కావాలి. ఎట్లాంటి స్థలం వెతికినాడో చూడండి: ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు. జనం వచ్చిపోవడానికి వీలుండాలి. పగలు రద్దీ, రాత్రి గోల ఉండకూడదు. అన్నీ కుదిరిన చోటు జేత రాజకుమారుడి తోట. "నేలంతా నాణేలు పరిచినా ఇవ్వను" అన్నాడు జేతుడు. "ధర చెప్పినావు కాబట్టి బేరం అయిపోయింది" అన్నాడు సుదత్తుడు. తగువు న్యాయాధికారుల దగ్గరికి పోయింది. ధర చెప్పిన తర్వాత అమ్మినట్టే అని వాళ్లు తీర్పు చెప్పినారు. బండ్ల మీద బంగారు నాణేలు తెచ్చి పరుస్తుంటే గుమ్మం దగ్గర కొంచెం చోటు మిగిలిపోయింది. అప్పటికి జేతుడి మనసు మారింది. "ఆ చోటు నాకు వదిలెయ్, నేను దానమిస్తా" అని అక్కడ ద్వారం కట్టించినాడు. ఎద్దులబండి, నాణేలు పరిచే మనుషులు బార్హుత్ స్తూపం రాతి మీద చెక్కి ఉన్నారు. ఆ రాయి ఇప్పుడు కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉంది.

ఒక సంగతి గమనించండి. అంత డబ్బు పోసి కొన్నా ఆ తోటకు సుదత్తుడి పేరొక్కటే మిగల్లేదు. చాలా సుత్తాలు 'జేతవనంలో, అనాథపిండికుడి ఆరామంలో' అనే మొదలవుతాయి. అమ్మినవాని పేరు ముందు, కొన్నవాని పేరు వెనక. మనం విహారానికి రెండు సెంట్లు కొనాలని కూర్చుంటే ముందు శిలాఫలకం మీద పేర్ల వరస దగ్గర తగువులు పడతాం. ఆ తగువుల్లో నేనూ ఉన్నా. తప్పు ఒప్పుకుంటున్నా.

దానం సరే, సంపాదన సంగతేంటి? బుద్ధుడు ఇదే సుదత్తుడికి గృహస్థుని నాలుగు సుఖాలు చెప్పినాడు. మొదటిది అత్థి సుఖం: న్యాయంగా, చెమటోడ్చి సంపాదించినది నాకుంది అనే సుఖం. రెండోది భోగ సుఖం: దాన్ని అనుభవించి, మంచికి ఖర్చుపెట్టే సుఖం. మూడోది అనణ సుఖం: ఎవరికీ అప్పు లేననే సుఖం. నాలుగోది అనవజ్జ సుఖం: మాటలో, చేతలో, మనసులో తప్పు చేయలేదనే సుఖం. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు సరిపోవు అన్నాడు.

మరి పేదలకిచ్చిన అసైన్డు భూమిని ఆశపెట్టి, బెదిరించి రాయించుకున్నవాని సంగతి? ఆ భూమిని కాపాడటానికి 1977లోనే చట్టం వచ్చింది. దాన్ని తప్పించుకొని సంపాదించినవాడు తర్వాత గుడి కట్టించినా, విహారం కట్టించినా నాలుగో సుఖం దొరకదు. కూలీల విషయంలోనూ అంతే. సిగాలోవాద సుత్తంలో యజమాని బాధ్యతలు ఐదు: శక్తికి తగ్గ పని, అన్నమూ కూలీ, రోగమొస్తే చూసుకోవడం, మంచి పదార్థం ఉంటే పంచుకోవడం, వేళకు విడిచిపెట్టడం. సుగ్గి నుంచి వచ్చిన అక్కను అడగండి, మేస్త్రీ ఇందులో ఎన్ని ఇచ్చినాడో.

"దానం షావుకార్లకే సాధ్యం కదన్నా" అంటారా? మన గడ్డ మీదికి రండి. నాగార్జునకొండలో క్రీ.శ. 3వ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి సింహళ థేరులకిచ్చింది. ఒక ఆడమనిషి నిర్మాణాలను రాతి శాసనం నేటికీ చెబుతోంది. అమరావతిలో విధికుడనే చర్మకారుడు ఇంటివాళ్లతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక ఇచ్చినాడు. చర్మకారుడని తన వృత్తిని రాతి మీద రాయించుకున్నాడు, దాచుకోలేదు. చెప్పులు కుట్టిన చేతుల్ని స్తూపం దూరం పెట్టలేదు. తర్వాత వచ్చిన కులం మనల్ని గుడి బయట నిలబెట్టింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనల్ని తిరిగి మన ఇంటికే తెచ్చినాడు.

సుదత్తుడి చివరి రోజులు కూడా తెలుసుకోవాలి. ఆస్తి చాలా పోయింది. అప్పు తీసుకున్నవాళ్లు తిరిగివ్వలేదని, ఏటి గట్టున పాతిపెట్టిన ధనం వరదకు కొట్టుకుపోయిందని అట్ఠకథలు చెబుతాయి. అయినా గంజి పోసైనా దానం ఆపలేదు. జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు సారిపుత్తుడు, ఆనందుడు వచ్చినారు. కంటిని, చెవిని, ఈ లోకాన్ని, దేన్నీ పట్టుకొని వేలాడవద్దని సారిపుత్తుడు బోధించినాడు. సుదత్తుడు ఏడ్చినాడు. "ఇన్నేళ్లు బుద్ధుణ్ణి కొలిచినా ఇట్లాంటి మాట ఎప్పుడూ వినలేదు" అన్నాడు. "ఇది తెల్లబట్టల గృహస్థులకు చెప్పరు, భిక్షువులకే" అని జవాబొచ్చింది. అప్పుడాయన "మాలోనూ అర్థం చేసుకునేవాళ్లున్నారు, దయచేసి మాకూ చెప్పండి" అని అడిగినాడు.

పరిచిన బంగారం కన్నా ఈ అడగడమే నాకు పెద్దగా కనబడుతుంది. చావు మంచం మీద కూడా తనకోసం ఏమీ అడగలేదు, మనలాంటి మామూలోళ్లకు ధమ్మం వినే హక్కు అడిగినాడు. బాబాసాహెబ్ కూడా అందుకే 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినాడు.

కాబట్టి ఈ పున్నమి నుంచి మూడు పనులు చేద్దాం. మన వాడలో అసైన్డు పట్టా ఉన్న ప్రతి ఇంటికీ పోయి, ఎవరూ మోసపోకుండా కాగితాలు చదివి చెబుదాం. విహారం స్థలానికి ఎవరెంత ఇచ్చినా, రోజు కూలి ఇచ్చినా, పేర్లు ఒకే సైజు అక్షరాల్లో రాద్దాం. గోడలు లేచేదాకా ఆగకుండా, ప్రతి ఆదివారం వేపచెట్టు కిందనే పిల్లలకు చదువు, పెద్దలకు ధమ్మం మొదలుపెడదాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.