నిడుగల్లు దానమూ, నేటి విరాళమూ

పావగడ తాలూకా నిడుగల్లులో 1232 నాటి శాసన మొకటి గలదు. గంగేయన మారేయుడు పార్శ్వజినాలయము కట్టించి విన్నవింపగా, నిత్యపూజకును అన్నదానమునకును ఇరుంగోళదేవుడు భూములిచ్చెనని అందున్నది. గుడితోబాటు గుడిని నిలుపు పంటయు లభించినదన్నమాట.

నేటి అంతర్జాతీయ ధర్మసంస్థలలో పెక్కు గడువు పెట్టి కట్టడమునకిచ్చును, పోషణకు వెనుదీయును. ఈ తాలూకా భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. ఎముకలను వంచు నీరది. శుద్ధియంత్రముపై దాత పేరు చెక్కుదురు సరే, దానిని మరమ్మతు చేయువాని జీతముపై ఎవరి పేరు చెక్కుదురు? ఆ జీతము లేక యంత్రమాగినచో జనులు మరల పాతబోరుకే పోవుదురు. అపుడది దానమా, దాత ముచ్చటా?

అమెరికాలో మెకెంజీ స్కాట్ 2020 నుండి 1,900 కోట్ల డాలర్లకు పైగా షరతులు లేకయే పంచినది, వ్యయనిర్ణయము గ్రహీతలదే. సొమ్ము దుర్వినియోగమగునేమోనన్న శంక సహజమే. అయినను మరమ్మతు ఎప్పుడు కావలెనో నీరు త్రాగువారికి తెలిసినట్లు దూరదేశపు దాతకు తెలియదు.