అందరి అడుగూ ఒకే ఊపు

ఇంగ్లీషులో ‘స్వే’ అనే చిన్న మాట ఉంది. ఊగడమూ అదే, ఒకరి మీద మరొకరి ప్రభావమూ అదే, ఏలుబడీ అదే. ఈ మూడూ ఒకే చోట కలిసిన సంఘటన లండన్‌లో జరిగింది.

2000 జూన్ 10న థేమ్స్ నది మీద మిలీనియం వంతెన తెరిచారు. కేవలం నడిచేవాళ్ల కోసం కట్టింది. మొదటి రోజే వేలాది మంది ఎక్కారు. వంతెన పక్కలకు ఊగసాగింది. జనం కాళ్లు ఎడంగా వేస్తూ, రెయిలింగు పట్టుకుని నడిచారు. రెండు రోజులకే మూసేశారు.

ఇంజనీర్లు పరీక్షిస్తే అసలు సంగతి బయటపడింది. మన ప్రతి అడుగూ నేలను కొద్దిగా పక్కకు నెడుతుంది. వంతెన కాస్త కదలగానే, తూలిపోకుండా జనం తమకు తెలియకుండానే అడుగులు సర్దుకున్నారు. ఆ సర్దుబాటే ఊపుకు బలమిచ్చింది. పెరిగిన ఊపు మరికొందరి నడక మార్చింది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, అందరూ పాటించారు. జనం ఒక సంఖ్య దాటితేనే ఊపు హఠాత్తుగా పెరుగుతుందనీ తేలింది. ఊపును అణిచే డ్యాంపర్లు 90 దాకా అమర్చి, 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు.

పుకారూ, ద్వేషమూ ఇలాగే పెరుగుతాయి. ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను నిజానిజాలు చూడకుండా పదిమందికి పంపితే, ఆ ఊపుకు మనమూ ఓ అడుగు కలిపినట్టే. నేనొక్కణ్ణి ఆగితే ఏమవుతుందిలే అనుకోవద్దు. హద్దు దాటకుండా ఆపేది అలా ఆగిన ఒక్కొక్కరే. ఈరోజు విన్న మాటను ముందు విచారిద్దాం, ఆ తర్వాతే మరొకరికి చెబుదాం.