గుండెను కప్పిన పొర

చదువుకొనుడి: యోబు 10:11, 1 కొరింథీయులకు 12:22–26

తనకు తొడిగిన చర్మమును మాంసమును దేవుడిచ్చిన వస్త్రమేయని యోబు భక్తుడు తన శ్రమదినములలో తలపోసెను. చర్మము అందరికిని కనబడును. కనబడని కప్పు మరియొకటి లోపల గలదు. మేకను కోయువారు చూచియుందురు: గుండె చుట్టు తెల్లని సంచివంటి పొర. దానిని హృదయావరణమందురు.

దాని పై పొర గట్టి గుడ్డవంటిది. ముందు రొమ్ముటెముకతోను, క్రింద కడుపునకు పైనున్న కండరముతోను అతుకుకొని, గుండెను దాని చోట నిలుపును. హఠాత్తుగా మితిమీరి ఉబ్బనీయదు. లోపలి పొర పలుచనిది, నునుపైనది, రెండు మడతలుగా నుండునది. ఆ మడతల నడుమ 15 మొదలు 50 మిల్లీలీటర్ల నీరుండును. బండి ఇరుసునకు కందెన యెట్టిదో, గుండెకు ఆ కొద్దిపాటి నీరు అట్టిది. దినమునకు సుమారు లక్షసారులు కొట్టుకొను గుండె ఒరపిడి లేక కదలుచున్నది. బలహీనములని తోచు అవయవములను గూర్చి పౌలు వ్రాసినది ఈ పొరకును చెల్లును.

అయితే ఈ కప్పే గుండెను బిగించుటయు కలదు. మన దేశములో దానికి ముఖ్యకారణము క్షయ. ఆ క్రిములు సంచిని చేరినయెడల నీరు ఊరి గుండెను నొక్కవచ్చును. కొందరిలో పొర దళసరియై, గట్టిపడి, గుండెను రక్తముతో నిండనీయదు. కాళ్లు వాచును, కడుపు ఉబ్బును, నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చును. అట్టివారికి శస్త్రవైద్యులు ఆ పొరను కోసి తీసివేయుదురు. ఆశ్చర్యమేమనగా, పొర లేకపోయినను గుండె పని చేయును!

మన యిండ్లలోను ఒక కప్పు గలదు. పరువని దాని పేరు. పెండ్లికి ఎదిగిన పిల్ల రెండు వారములకు మించి దగ్గుచుండును, సాయంకాలము జ్వరము కాయుచుండును. సంబంధము తప్పిపోవునని తల్లి ఆ మాట పొరుగింటికి పొక్కనీయదు. ప్రేమ కప్పునని పేతురు వ్రాసినది పాపములను గూర్చి. క్షయ పాపము కాదే! ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్షయు మందులును ఉచితము. సాధారణమైన క్షయకు ఆరు నెలలు మందు విడువక మ్రింగినయెడల నూటికి ఎక్కువమందికి నయమగును.

సంఘపెద్దలారా, ఆ యింటికి వెళ్లి ప్రార్థన మాత్రమే చేసి తిరిగి రాకుడి. ఆ పిల్లను తల్లితోకూడ పరీక్షకు తోడుకొనిపోవుడి. బస్సు ఖర్చు వారికి లేనియెడల కానుక సంచిలోనుండి ఇయ్యుడి.