సంఘంలో కొలువు

అమ్మడూ,

నీ బి.కాం. పూర్తయిందనీ, మహిళా సహకార డెయిరీలో లెక్కలు చూసే ఉద్యోగం వచ్చిందనీ మీ అమ్మ ఫోన్ చేసింది. బ్యాంకు పరీక్షలు రాసుకోక సంఘంలో పనేమిటని మీ నాన్న విసుక్కుంటున్నాడట. ఆయన్ని ఒకసారి ముల్కనూరు వెళ్లి రమ్మను.

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఆ ఊళ్లో పొదుపు సంఘాల ఆడవాళ్లు కలిసి 2000లో స్వకృషి డెయిరీ పెట్టుకున్నారు. అందుకు దారి వేసింది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. అంతకుముందు సహకార సంఘమంటే సగం సర్కారు కచేరీయే. ఈ చట్టం కింద నమోదైన సంఘంలో ప్రభుత్వానికి వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు. ముల్కనూరులో పాలు పోసే ఆడవాళ్లే యజమానులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వాళ్లే. ఇది చిన్న మార్పు కాదు; బర్రెను మేపేది ఆమె, పాల డబ్బు జేబులో వేసుకునేది ఆయన అన్న ఏర్పాటు మన ఊళ్లలో ఎంత పాతదో నీకు చెప్పనక్కర్లేదు.

ఇలాంటి చోట చేరే చదువుకున్న అమ్మాయికి ఒక చిక్కుంది. ఆమె యజమానుల్లో వేలిముద్ర వేసేవాళ్లూ ఉంటారు. వెన్న శాతం పడిపోయి డబ్బు తగ్గితే, ఎందుకు తగ్గిందో వాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పడం ఆమె పనే. విసుగొచ్చి "నీకు తెలీదులే అక్కా" అందంటే, ఆ రోజు నుంచి యజమాని మారిపోయినట్టే. సంఘాలు దొంగతనం వల్లే కాదు, ఇలా కూడా చేజారతాయి.

అవతలివాళ్ల మాటల్లోనే చెప్పడం ఎలాగో తెలియాలంటే, జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను చూడు. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఇద్దరూ దళిత యువతులు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ నేర్చుకున్నారు గానీ మైకు ముందు యాస మార్చుకోలేదు. విత్తనాల గురించి, పంటల గురించి ఊరి ఆడవాళ్లు తమ మాటల్లోనే చెప్పారు, విన్నారు.

జీతం సంగతి కూడా మొహమాటం లేకుండా రాస్తున్నాను. సేవ అనేసరికి చేతులు కట్టుకుని నిలబడే అలవాటు మన ఆడపిల్లలకు ఎక్కువ. పొదుపు మహిళల గ్రామ సంఘాల్లో పుస్తకాలు రాసే సహాయకులు (వీవోఏలు) 2023లో తెలంగాణలో సమ్మెకు దిగారు. వాళ్లడిగింది కనీస వేతనం, ఉద్యోగులుగా గుర్తింపు. పేదరికం పోగొట్టే పథకాన్ని మోసేవాళ్లే పేదగా మిగలడం ఎక్కడి న్యాయం? వాళ్లు అడగడం తప్పని నేననుకోను.

కాబట్టి చేరే ముందు జీతం, పీఎఫ్, సెలవులు కాగితం మీద రాయించుకో. మొదటి వారం ఆఫీసు కుర్చీకి అతుక్కోకుండా తెల్లారేసరికి పాల కేంద్రంలో ఉండు. కొలత, శాంపిల్, చీటీ ఎవరి చేతి మీదుగా పోతున్నాయో చూడు. మీ నాన్న బ్యాంకు పరీక్షకు ఫీజు కడతానంటే కట్టనివ్వు. రాయాలో వద్దో ఆర్నెల్లు పనిచేశాక నువ్వే తేల్చుకోవచ్చు.

మీ అమ్మమ్మ